మనవడి నరంలోకి జింక్ ఎందుకు ఎక్కిస్తున్నారు?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది గాజువాక. మా అమ్మాయికి ముప్పయ్యో వారంలోనే కాన్పయిపోయింది. బాబు పుట్టినప్పుడు కేజీ రెండొందల గ్రాములు. పదిహేడో రోజున పొట్ట ఉబ్బింది. పేగులో కొంత భాగం పాడైందని ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. చిన్నపేగు కొసను పొట్ట మీదకి తెచ్చి సంచి పెట్టారు. ఇప్పుడు ఏడో వారం. నోటికి ఏమీ ఇవ్వడం లేదు, అంతా టీపీఎన్ (నరంలోకి ఎక్కించే తిండి) మీదే. బరువు 1,400 గ్రాముల దగ్గర ఆగిపోయింది. పది రోజులుగా మూతి చుట్టూ, పిర్రల మధ్య ఎర్రగా ఒరుసుకుపోయి పొలుసులు లేస్తున్నాయి. జింక్ తగ్గినట్టుంది, టీపీఎన్‌లో డోసు పెంచుతామని అక్కడి డాక్టరు గారు చెప్పారు. మా వారు మింది జింక్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ‘కరిగించి దిమ్మలు పోసే లోహాన్ని పసిగుడ్డు నరంలోకి ఎక్కించడమేటి’ అని ఆయనకి ఒకటే టెన్షన్. విరేచనాలప్పుడు పిల్లలకిచ్చే జింక్ సిరప్ రెండు చుక్కలు నోట్లో వేస్తే సరిపోదా? కడుపుతో ఉన్నప్పుడు అమ్మాయి సరిగ్గా తినలేదు, అందుకే ఇలా అయిందని మా వియ్యపురాలు అంటోంది. నిజమేనా? జింక్ రక్తపరీక్ష చేయించమని అడగొచ్చా? ఆ ఎర్రదనం మీద కొబ్బరినూనె, పసుపు రాయొచ్చా?
– ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, ముందు మీ వారి భయం తీర్చి, తర్వాత మిగతావాటికి వస్తాను. ఇంట్లో ఒకరు అంతగా భయపడుతుంటే మిగతావాళ్ల చెవికి ఏ మాటా ఎక్కదు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మూలకం అదే. ఫ్యాక్టరీలో దిమ్మలుగా పోసిందీ, మన విశాఖ ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రేకులకి పూత వేసేదీ, మీ మనవడికి ఎక్కుతున్నదీ జింకే. కాకపోతే లోహంగా ఉన్నప్పుడు దాని గుణం వేరు, నీళ్లలో కరిగే లవణంగా ఉన్నప్పుడు వేరు. సోడియం లోహాన్ని నీళ్లలో పడేస్తే భగ్గుమంటుంది. అదే సోడియం ఉప్పు రూపంలో పప్పుచారులో లేకపోతే మనకి ముద్ద దిగదు. ఇదీ అంతే. టీపీఎన్‌లో సాధారణంగా కలిపేది జింక్ సల్ఫేట్. విజయనగరం, శ్రీకాకుళం వైపు మీకు వరి పండించే చుట్టాలుంటే ఈ పేరు వాళ్లకి కొత్త కాదు. జింక్ తక్కువైన మడిలో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడి మొక్క గిడసబారుతుంది, జింక్ సల్ఫేట్ వేస్తే తేరుకుంటుంది. బిడ్డకిచ్చేది ఇంజెక్షన్ కోసం శుద్ధి చేసి తయారుచేసిన మందనుకోండి, ఎరువుల బస్తాలోది కాదు. లోపం వచ్చినప్పుడు మాత్రం మొక్కయినా బిడ్డయినా ముందు ఎదగడం మానేస్తారు.

ఎంత ఎక్కిస్తారో తెలిస్తే మీ వారి టెన్షన్ ఇంకొంచెం తగ్గుతుంది. నెలలు నిండని పిల్లలకి నరం ద్వారా ఇచ్చే జింక్ కేజీ బరువుకి రోజుకి 400 నుంచి 500 మైక్రోగ్రాములు. యూరప్ పిల్లల వైద్య సంఘాలు 2018లో చేసిన సిఫారసు ఇది. నెలలు నిండి పుట్టిన పిల్లలకైతే మొదటి మూడు నెలలూ 250 చాలంటారు. మీ బాబు బరువుకి లెక్క కడితే రోజుకి 560 నుంచి 700 మైక్రోగ్రాములు. ఒక మిల్లీగ్రాము కూడా నిండదు. సన్న పంచదార పలుకు ఒక్కటి తీసి తూచగలిగితే దాదాపు అంతుంటుంది.

ఆ ఒక్క పలుకు లేకపోతే కొంప మునుగుతుందా అంటే, ఈ బిడ్డలకి మునుగుతుంది. ఒంట్లో 300కి పైగా ఎంజైములకి జింక్ కావాలి. ఎక్కడ కణాలు గబగబా పుట్టుకొస్తాయో అక్కడ లోటు ముందు కనిపిస్తుంది: చర్మం, పేగు లోపలి పొర, రోగాలతో పోరాడే తెల్లకణాలు. అసలు మనిషికి జింక్ లోపం అనేది ఉంటుందని 1960ల దాకా వైద్యులే అనుకోలేదు. బీహార్‌లోని బక్సర్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ ఇరాన్‌లోనూ ఆ తర్వాత ఈజిప్టులోనూ, ఇరవై ఏళ్లొచ్చినా పదేళ్ల పిల్లల్లా ఉండిపోయిన కుర్రాళ్లని చూసి దాని వెంటపడ్డారు. టీపీఎన్ పిల్లల్లో ఏమవుతుందో కూడా ఒకసారి బయటపడింది. 2012లో అమెరికాలో జింక్ ఇంజెక్షన్‌కి కొరత వచ్చింది. ఆ ఏడాది చివర్లో వాషింగ్టన్‌లో బాగా ముందుగా పుట్టిన ముగ్గురు పిల్లలకి జింక్ లోపంతో చర్మం పాడైంది. వాళ్లకి లివర్ సమస్య కూడా ఉంది. అన్నీ ఉన్న ఆసుపత్రిలో, ఆ ఒక్క సీసా దొరక్క.

ఇక మీ మనవడి విషయానికొస్తే, మీరు సంచి గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు గానీ అసలు కథంతా ఆ సంచిలోనే ఉంది.

నోటితో చుక్క తాగని బిడ్డకి సంచిలో పడేదేమిటి, అందులో పోయేదేముంటుంది అనుకుంటాం. నిజానికి బిడ్డ తాగినా తాగకపోయినా క్లోమం నుంచి, కాలేయం నుంచి, పేగు గోడల నుంచి రసాలు ఊరుతూనే ఉంటాయి. ఆ రసాల్లో జింక్ ఉంటుంది. పేగు పూర్తిగా ఉన్న బిడ్డలో ఈ జింక్ కిందికి జారుతూ దారిలోనే చాలావరకు మళ్లీ ఒంట్లోకి చేరుతుంది. కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో పెట్టుకున్నట్టు. మీ మనవడికి ఆ ఎడమ జేబుకి చిల్లు పడింది. ఊరిన రసం మళ్లీ లోపలికి చేరకముందే పొట్ట మీదున్న దారిలోంచి సంచిలో పడిపోతోంది. పైగా మన ఒంట్లోంచి జింక్ బయటికి పోయే పెద్ద దారి మూత్రం కాదు, పేగే. అందుకే పేగు కారితే జింక్ కారినట్టే.

పెద్దవాళ్లలో కొలిచిన లెక్క ఒకటుంది. చిన్నపేగు నుంచి బయటికి పోయే ద్రవం లీటరుకి సుమారు 12 మిల్లీగ్రాముల జింక్. పసిపిల్లలకి అదే అంకె అచ్చంగా వర్తిస్తుందని అనను, అంచనాకి పనికొస్తుంది. మీ బాబుకి సంచిలో రోజుకి 50 మిల్లీలీటర్లు పడుతోందనుకోండి. అందులో పోయేది 600 మైక్రోగ్రాములు. పైన చెప్పిన రోజు డోసు ఎంత? 560 నుంచి 700. అంటే ఇచ్చినదంతా ఇటు నుంచి ఇటే పోతోంది, పెరగడానికి మిగిలేది సున్నా. ఆ డోసు పొట్టకి చిల్లు లేని బిడ్డ కోసం వేసిన లెక్కమ్మా. సంచి ఉన్న బిడ్డకి పోయేదాన్ని బట్టి పైన కలపాలి. మీ డాక్టరు గారు పెంచుతామన్నది అందుకే. ఎంత పెంచాలన్నది వాళ్లు సంచిలో పడేది చూసి, రక్తం చూసి తేల్చుకుంటారు. ఊరికే పెంచుకుంటూ పోతే రాగి తగ్గిపోయి రక్తహీనత, తెల్లకణాలు పడిపోవడం లాంటివి రావచ్చు, అదీ చూసుకుంటారు.

కాబట్టి మీరు వార్డులో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘జింక్ ఎంత ఇస్తున్నారు’ కాదు, ‘సంచిలో ఎంత పడుతోంది’. కేజీ బరువుకి రోజుకి 20 మిల్లీలీటర్లు దాటితే మేం ఒక కన్నేసి ఉంచుతాం. 40 దాటితే గట్టిగానే పట్టించుకుంటాం. మీ బాబు లెక్కలో అవి 28, 56. సంచి పక్క నుంచి కారి గాజుగుడ్డ తడిస్తే ఆ తడిని కూడా తూచి కలపాలి. రాత్రి డ్యూటీలో హడావుడిగా ఉన్నప్పుడు తప్పిపోయేది సరిగ్గా ఇదే.

ఆ ఎర్రదనం గురించి నా సొంత తప్పు ఒకటి చెబుతాను. కొత్తగా పిల్లల వార్డులో చేరిన రోజులు. మీ మనవడిలాగే పొట్ట మీద దారి ఉన్న బిడ్డకి పిర్రల మధ్య ఎర్రగా లేచింది. డైపర్ వల్ల ఒరుసుకుందనుకుని ఒక క్రీము రాశాను. తగ్గలేదు. ఫంగస్ అనుకుని ఇంకో క్రీము. రెండు వారాలు గడిచాయి, గడ్డం మీద కూడా మొదలైంది. రౌండ్స్‌కి వచ్చిన మా పెద్దమేడం దుప్పటి తీసి చూసి ఒకే ఒక్క మాట అడిగారు: ‘ఈ బిడ్డకి విరేచనం ఎక్కడి నుంచి వస్తోంది?’ పొట్ట మీద నుంచి అన్నాను. ‘మరి కింద ఒరిపిడి ఎలా వచ్చిందమ్మా?’ అన్నారు. తల వంచుకున్నాను. మలం తగలని చోట మలం వల్ల పుండెలా పడుతుంది? జింక్ పెంచిన నాలుగైదు రోజులకే ఆ ఎరుపు వాడిపోవడం మొదలైంది. అప్పటి నుంచి సంచి ఉన్న బిడ్డకి మూతి దగ్గరా కిందా ఒకేసారి ఎర్రబడితే నా బుర్రలో ముందు తట్టేది జింకే.

సంచి అంటించిన చోట చుట్టూ ఎర్రబడితే అది వేరు సంగతి. అక్కడ రసం కారి చర్మాన్ని తినేస్తుంది, సంచి కత్తిరించిన కొలత సరిచూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. జింక్ లోపంలో మూతి చుట్టూ, గడ్డం, కింద, ఒక్కోసారి వేళ్ల దగ్గర, కనురెప్పల మీద అంచు గీసినట్టు ఎర్రగా వస్తుంది. జుట్టు కూడా రాలవచ్చు.

పసుపు వద్దు, కొబ్బరినూనె వద్దు. నెలలు నిండని బిడ్డ చర్మం పలచని కాగితంలాంటిది, ఒలిచిన చోట రాసినదేదైనా లోపలికి దిగుతుంది. ఆసుపత్రిలో రాసే తెల్ల క్రీములో కూడా జింక్ ఆక్సైడే ఉంటుంది. అది పైన తడి తగలకుండా కాపాడుతుందే గానీ ఒంట్లో తగ్గిన జింక్‌ని తీర్చదు. ఆ క్రీము రాస్తున్నారు కదా, ఇంక సెలైన్‌లో ఎందుకు అని మాత్రం అనుకోకండి.

సిరప్ మాట. విరేచనాలకి ఆరు నెలలలోపు పిల్లలకి రోజుకి 10 మిల్లీగ్రాములు, ఆపైన పిల్లలకి 20, పది నుంచి పద్నాలుగు రోజుల పాటు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో చెప్పిన మాట నిజమే. మంచి మందు, మన ఆశా కార్యకర్తలు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చేది. కానీ అది పేగు పూర్తిగా ఉన్న పిల్లల లెక్క. నోటితో ఇచ్చినదాంట్లో కొంత భాగమే ఒంటికి పడుతుంది. అందుకే ముందుగా పుట్టిన పిల్లలకి నోటి ద్వారా అయితే కేజీకి రోజుకి 2 నుంచి 3 మిల్లీగ్రాములు కావాలంటారు, నరంలోకైతే దాంట్లో అయిదో వంతో ఆరో వంతో సరిపోతుంది. మీ మనవడి పేగు పొట్టిదైంది, ఇంకా మానుతోంది. తియ్యటి సిరప్ పోస్తే నీళ్లని లాక్కుని సంచిలోకి ఇంకా ఎక్కువ పారే ప్రమాదం ఉంది. అప్పుడు ఇచ్చిన జింక్ కంటే పోయిన జింకే ఎక్కువవుతుంది. డాక్టరు చెప్పకుండా నోట్లో చుక్క నీళ్లు కూడా వేయకండి. రేపు పాలు పట్టడం మొదలయ్యాక జింక్ నోటి ద్వారా రాస్తే అప్పుడు వాళ్లే ఇస్తారు.

రక్తపరీక్ష అడగొచ్చు, తప్పు లేదు. కాకపోతే ఆ అంకెని దేవుడి మాటలా పట్టుకోకండి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే, ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ తక్కువుంటే రక్తంలో జింక్ తక్కువ చూపిస్తుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే వాటిలోని జింక్ కలిసి ఎక్కువ చూపిస్తుంది. రబ్బరు మూత నుంచి కూడా చేరవచ్చు కాబట్టి దానికి వేరే ట్యూబు వాడాలి. శాంపిల్ బయటి ల్యాబుకి పంపాల్సి వస్తే రిపోర్టుకి రోజులు పడుతుంది. అందుకే రక్తం తీసి పంపి, రిపోర్టు కోసం ఆగకుండా డోసు పెంచడం సరైన పనే. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఒక మామూలు పరీక్షుంది, ఆ ఎంజైముకి జింక్ కావాలి. ఎదిగే బిడ్డలో అది బాగా తక్కువగా ఉంటే అదీ ఒక ఆనవాలు.

ఇక మీ వియ్యపురాలి మాట. ఈ మాట మీ అమ్మాయి చెవిన ఇప్పటికే పడి ఉంటుంది, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. కాదు. కడుపులో బిడ్డ జింక్ కూడబెట్టుకునేది ఎక్కువగా ఆఖరి మూడు నెలల్లో. మీ బాబు ముప్పయ్యో వారంలోనే వచ్చేశాడు. కూడబెట్టుకునే రోజుల్లో చాలావరకు బయటే గడిచిపోయాయి. ఆపైన పేగు పోయింది, సంచి వచ్చింది. ఇందులో మీ అమ్మాయి తిన్నదీ తిననిదీ ఎక్కడుంది? పాలలో జింక్ కూడా తల్లి తిండిని బట్టి పెద్దగా మారదు. కాన్పైన కొత్తలో బాగా ఉండి, నెలలు గడిచేకొద్దీ తనంతట తానే తగ్గుతుంది. కాబట్టి నువ్వులు తిను, గుడ్లు తిను అంటూ వెంటపడి ఏడిపించకండి. ఆకలికి తినమనండి. పాలు మాత్రం పిండి దాచడం మానొద్దని చెప్పండి. పాలు పట్టడం మొదలైన రోజున ఈ పేగుకి తల్లిపాలకి మించింది లేదు. వియ్యపురాలికి ఈ పేరా చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

బరువు ఆగిపోవడానికి జింక్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. సంచిలో జింక్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పోయేది ఉప్పు, అంటే సోడియం. ఉప్పు తగ్గిన బిడ్డ ఎన్ని కేలరీలు ఇచ్చినా పెరగడు. విచిత్రమేమిటంటే రక్తంలో సోడియం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒంట్లో తగ్గిన సంగతి మూత్రంలో సోడియం చూస్తే ముందు తెలుస్తుంది, అది లీటరుకి 20 మిల్లీమోల్స్ కంటే కిందికి పడిపోయి ఉంటుంది. ‘మూత్రంలో సోడియం చూశారా అండీ’ అని మెల్లగా అడగండి. చూసే ఉంటారు, అడిగితే తప్పేం లేదు.

ఇంకో మాట వింటే మీరు ముఖం చిట్లిస్తారేమో. ఆపరేషన్‌లో కింది పేగు కొసను కూడా పొట్ట మీదకి తెచ్చి ఉంటే, పై సంచిలో పడినదాన్ని తీసి ఆ కింది కొసలోకి సన్నటి గొట్టంతో మళ్లీ ఎక్కించే పద్ధతి ఒకటుంది. ఛీ అనిపిస్తుంది, తెలుసు. కానీ పోయే నీరు, ఉప్పు కొంతైనా ఒంటికి దక్కుతాయి, కింది పేగుకీ పని దొరుకుతుంది. మీ బాబుకి పనికొస్తుందా లేదా అన్నది సర్జన్ చెప్పాలి. రెండు కొసలూ కలిపి దారి మూసే ఆపరేషన్‌కి తొందరపెట్టకండి. బాబు కాస్త బరువెక్కి పేగు వాపు తగ్గాకే చేస్తారు. అది అయ్యాక జింక్ డోసు తిరిగి తగ్గిస్తారు.

చివరగా మీ వారికి ఒక పని. ఫ్యాక్టరీలో చేసినవారు కాబట్టి షిఫ్టు లాగ్‌బుక్ రాయడం ఆయనకి కొత్తేమీ కాదు. ఒక నోటుబుక్ కొనిచ్చి, రోజూ పొద్దున వార్డు సిస్టర్‌ని అడిగి నాలుగు అంకెలు రాయమనండి: బాబు బరువు, 24 గంటల్లో సంచిలో పడింది, మూత్రం ఎంత, టీపీఎన్‌లో జింక్ ఎంత. ఎర్రదనం ఎలా ఉందో పక్కన ఒక ముక్క రాస్తే చాలు. డోసు పెంచాక వారంలో అది తగ్గుముఖం పట్టకపోతే ఆ పుస్తకం తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించండి. జింక్ గడిలో అంకె రాసేటప్పుడు మాత్రం అది మైక్రోగ్రాములా మిల్లీగ్రాములా అన్నది సిస్టర్‌ని అడిగి పక్కనే రాయమనండి. రెంటికీ వెయ్యి రెట్లు తేడా.